సుగ్గి నెలల్లో చుక్క పడని చార్టు

కర్నూలు జిల్లా కోసిగి పక్క ఒక ఊళ్లో అంగన్‌వాడీ టీచరమ్మ ఒక పాప ఎదుగుదల చార్టు నా ముందు పెట్టింది. డిసెంబరు దాకా నెలకో చుక్క, అన్నీ ఆకుపచ్చ రంగులోనే ఉన్నాయి. జనవరి, ఫిబ్రవరి, మార్చి ఖాళీ. ఏప్రిల్ చుక్క బరువు తక్కువని చెప్పే పసుపులోకి దిగింది. "సుగ్గికి పోయినారు సార్, గుంటూరు పక్క మిరపకాయలు తెంపేకి" అంది. కూలి పనికి కొన్ని నెలలు ఊరు విడిచి వలసపోవడాన్ని ఇక్కడ సుగ్గి అంటారు. పాపకి పద్దెనిమిది నెలలు. ఆ వయసులో బరువు పెరక్కపోవడమే నష్టం, ఈ పాపకి ఉన్నదే తగ్గింది.

ఆ ఖాళీ గడుల వెనక చాలా పాత కథ ఉంది.

1876లో మొదలైన ధాత కరువుని ఇక్కడి ముసలివాళ్లు ఇంకా పేరు పెట్టే చెబుతారు. 1871, 1881 జనాభా లెక్కల మధ్య కర్నూలు జిల్లాలో దాదాపు నాలుగో వంతు జనం తగ్గిపోయారు. కరువు పనుల్లో మగమనిషికి రోజుకి ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాముల ధాన్యం, చేతికి ఒక అణా చాలని బ్రిటిష్ సర్కారు పంపిన కరువు అధికారి రిచర్డ్ టెంపుల్ తేల్చాడు. అది చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. వాళ్లిద్దరి వాదం పనిచేసే ఒంటికి ఎంత తిండి కావాలన్నదాని మీదే నడిచింది. 1950ల మొదట్లో వచ్చిన కరువుకి ఊరూరా గంజి కేంద్రాలు వెలిశాయి. అప్పుడూ ప్రాణం నిలబెట్టడమే పని.

తర్వాత అనంతపురం ఎర్రనేలల్లో కొర్ర, రాగి, ఆరిక పోయి వేరుశనగ పరుచుకుంది. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆకలి తీరింది, దాన్ని నేను ఏమాత్రం తక్కువ చేయను. కానీ సంగటి ముద్దతో వచ్చే కాల్షియం తెల్లన్నంలో రాదు. పప్పు, గుడ్డు, పాలు కొనేంత కూలి అందరికీ దొరకలేదు.

పిల్లల విషయంలో ఇది ఎందుకు అంత ముఖ్యమంటే, మూడేళ్లు నిండేసరికే మెదడు పెద్దల మెదడులో 80 శాతం సైజుకి చేరుతుంది. మెదడు అలా ఎదగడానికి మాంసకృత్తులు, ఇనుము, అయోడిన్ కావాలి. తిండి ఒక్కటే కాదు, మాటలు కూడా కావాలి. పాప ఊ కొడితే తిరిగి ఊ కొట్టే మనిషి కావాలి. అప్పుల టెన్షన్‌తో, పన్నెండు గంటల పనితో వాలిపోయిన తల్లికి ఆ ఓపిక ఎక్కడిది? తల్లి తప్పేమీ లేదు ఇందులో.

చిన్నప్పుడే పెట్టిన తిండి ఎంత దూరం పనిచేస్తుందో మన తెలుగు నేలమీదే తేలింది. 1987-90లో హైదరాబాద్ చుట్టుపక్కల కొన్ని పల్లెల్లో గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు మొక్కజొన్న, సోయా పిండితో ఉప్మా చేసి పెట్టారు. ఆ పిల్లలు టీనేజీకి వచ్చాక కొలిస్తే, ఉప్మా అందని పల్లెల పిల్లలకన్నా సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తున్నారు. పెద్దయ్యాక హైస్కూలు చదువు పూర్తిచేసినవాళ్లూ వీళ్లలోనే కొంచెం ఎక్కువ.

2001-02లో పుట్టిన పిల్లల్ని 'యంగ్ లైవ్స్' అధ్యయనం ఏళ్లపాటు వెంటాడి కొలిచింది. అనంతపురం, కడప పిల్లలు కూడా అందులో ఉన్నారు. సుప్రీంకోర్టు 2001 నవంబరు ఆదేశం తర్వాత 2003లో ఇక్కడ బడుల్లో వండిన అన్నం మొదలైంది. కరువు దెబ్బకి చిన్నప్పుడు ఎదుగుదల తగ్గిన పిల్లలు బడిలో ఆ అన్నం తింటే, పడిన లోటు చాలావరకు పూడిందని ఆ లెక్కల్లో తేలింది. ఒక్క పూట వేడి అన్నం అంత పని చేసింది!

అయితే బడి అన్నం అందేది బడికి వచ్చాకే. అంతకు ముందున్న అంగన్‌వాడీ 1975 అక్టోబరు 2న దేశంలో 33 బ్లాకుల్లో మొదలై ఊరూరికీ చేరింది. గుడ్డు, పాలు ఇస్తోంది. కానీ పాప పేరు ఉన్న కేంద్రం కోసిగి పక్క ఊళ్లో ఉంటుంది, పాప గుంటూరు మిరపచేని గట్టున ఉంటుంది. పనికి పోయిన చోట గుడ్డు అడిగితే పేరు ఏ ఊళ్లో ఉందన్న ప్రశ్న ముందొస్తుంది. వానలు పడక సుగ్గి పెరిగే ఏడాది, అంటే తిండి మరీ అవసరమైన ఏడాదే, పిల్లలు కేంద్రానికి దూరమవుతారు. అమ్మానాన్నలు సుగ్గికి పోయినప్పుడు పిల్లలు ఊళ్లోనే ఉండేందుకు సీజనల్ హాస్టళ్లు ఉన్నాయి గానీ, అవి బడి పిల్లలకి.

ఆ పాపకి తొమ్మిదేళ్ల అక్క ఉంది. హాస్టల్లో సీటు కూడా ఇచ్చారట. వేపచెట్టుకి కట్టిన చీర ఉయ్యాల ఊపేకి ఎవరో ఒకరు కావాలి కదా అని అమ్మానాన్న ఆమెనీ తీసుకుపోయారు. బడి హాజరు పట్టీలోనూ ఆ మూడు నెలలు ఖాళీ.