సాగదీస్తే మారే అయస్కాంతం

వీధి మలుపులో ట్రాన్స్‌ఫార్మర్ గుయ్‌మని మోగుతుంటుంది కదా, లోపలి ఇనుప రేకులు అయస్కాంతీకరణ మారినప్పుడల్లా రవ్వంత సాగి మళ్లీ సర్దుకోవడం ఆ మోతకు ఒక ప్రధాన కారణం. ఇనుముకు ఉన్న ఈ గుణాన్ని 1842లో జేమ్స్ జౌల్ బయటపెట్టాడు. తిరగేసినా ఇది నిజమే. లోహాన్ని లాగినా, నొక్కినా దాని అయస్కాంతత్వం మారుతుందని 1865లో ఇటలీకి చెందిన ఎమీలియో విల్లారి చూపించాడు.

పక్కపక్క పరమాణువుల అయస్కాంత దిశలు ఒకే వైపు ఉండాలా, ఎదురెదురుగా ఉండాలా అన్నది వాటి మధ్య ఎడం మీద, బంధాల కోణం మీద ఆధారపడుతుంది. ఆ ఎడాన్ని ఒక్క శాతం పెంచగలిగితే చాలా జరగొచ్చు. కానీ మామూలు ఆక్సైడ్ (లోహం, ఆక్సిజన్ కలిసిన పదార్థం) స్ఫటికాన్ని అంత లాగబోతే పుటుక్కున విరుగుతుంది.

పలుచని పొర విరగదు. కొన్ని నానోమీటర్ల మందంతో దాన్ని వేరే స్ఫటికం మీద పెంచితే, కింది స్ఫటికంలోని పరమాణువుల ఎడమే పైపొరకూ వస్తుంది. చీరకు కుట్టిన ఫాల్ ఉతికాక కుంచించుకుపోతే అంచు కూడా దాంతోపాటే ముడుచుకున్నట్టు. మందం పెరిగితే మాత్రం పొరలో లోపాలు పుట్టి ఆ పట్టు సడలిపోతుంది.

నాకు బాగా నచ్చిన ఉదాహరణ యూరోపియం టైటనేట్ అనే ఆక్సైడ్. మామూలుగా అది అయస్కాంతంలా పనిచేయదు. సాగదీస్తే అయస్కాంతత్వంతో పాటు శాశ్వత విద్యుత్ ధ్రువణం (ధన, రుణ ఆవేశాలు చెరోవైపు జరిగి ఉండిపోవడం) కూడా వస్తుందని సిద్ధాంతకర్తలు 2006లోనే లెక్కగట్టారు. 2010లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన డారెల్ ష్లోమ్, సహచరులు డిస్ప్రోసియం స్కాండేట్ అనే స్ఫటికం మీద దాన్ని పెంచి, సుమారు 1.1 శాతం సాగదీసి ఆ లెక్క నిజమని చూపించారు. కాకపోతే ఇదంతా మైనస్ 269 డిగ్రీల దగ్గర! ఫోన్లలోకి వచ్చే సరుకు కాదు.

పైగా పెంచేటప్పుడు వచ్చిన సాగుదల అలాగే ఉండిపోతుంది. అయస్కాంత దిశల రూపంలో సమాచారం దాచే మెమరీ చిప్‌కు కావలసింది ఎప్పుడంటే అప్పుడు మార్చగల సాగుదల. అందుకే వోల్టేజి ఇస్తే ఆకారం మారే స్ఫటికాలను అడుగున వాడతారు. కరెంటు పారించి అయస్కాంతాన్ని తిప్పితే వేడి పుడుతుంది, వోల్టేజితో ఆ వృథా బాగా తగ్గుతుంది. 2014లో అలాంటి స్ఫటికమే అయిన బేరియం టైటనేట్ మీద ఇనుము-రోడియం పొరతో ఇదే చేశారు. ఈ మిశ్రమలోహం అయస్కాంతంగా మారాలంటే ఘనపరిమాణం ఒక శాతం దాకా పెరగాలి. సుమారు 20 వోల్టులకే అడుగు స్ఫటికం దాన్ని పక్కల నుంచి నొక్కి, ఉబ్బనివ్వకుండా ఆపేసింది, దాంతో అయస్కాంతత్వం చాలావరకు అణిగిపోయింది. ఇది జరిగింది 100 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో. ఇక్కడా చిక్కు లేకపోలేదు: అదేపనిగా సాగుతూ ముడుచుకుంటూ ఉంటే అడుగు స్ఫటికం పగుళ్లు తీస్తుంది.