చావే లేకపోతే గింజ ఎక్కడిది?

మార్చిలో నెల్లూరు జిల్లా కోవూరు, ఇందుకూరుపేట వైపు వరిచేలు చూడండి. వెన్ను బరువెక్కేకొద్దీ ముందు కింది ఆకులు పండుతాయి, చివరికి వెన్నును అంటిపెట్టుకుని ఉండే పై ఆకు, పోటాకు కూడా పసుపు తిరుగుతుంది. చూసేవాళ్లకు పైరు ఎండిపోతున్నట్టే ఉంటుంది. నిజానికి ఆకు తనలోని మాంసకృత్తులను తానే విడగొట్టి, ఆ నత్రజనిని గింజకు పంపిస్తూ ఉంటుంది. యూరియా ఎక్కువ పడ్డ మడిలో ఆకు చాలా రోజులు పచ్చగానే నిలుస్తుంది, తీరా నూర్చేసరికి తాలు ఎక్కువ తేలుతుంది. రైతులకు ఇదేం కొత్త సంగతి కాదు.

మనిషికి చావు లేకుండా చేయగలమా అన్న చర్చ ఇప్పుడు జోరుగా సాగుతోంది. చేయగలిగినా అది మనకు మేలు కాదని నా నమ్మకం.

మన ఒళ్లు తయారైందే చావుతో. గర్భంలో బిడ్డ వేళ్లు మొదట అతుక్కునే ఉంటాయి, మధ్యలోని కణాలు చనిపోతేనే విడివడతాయి. మట్టిలో బతికే సి. ఎలిగాన్స్ అనే చిన్న పురుగులో 1,090 కణాలు పుడితే వాటిలో 131 చచ్చిపోవాలని ముందే రాసిపెట్టి ఉంటుంది. ఆ లెక్క తేల్చిన పరిశోధనకు 2002లో నోబెల్ వచ్చింది.

ప్రయోగశాలలో పెంచిన మామూలు మనిషి కణాలు సుమారు 50 సార్లు విభజన చెంది ఆగిపోతాయని 1961లో లియొనార్డ్ హేఫ్లిక్ అనే అమెరికా శాస్త్రవేత్త చూపించాడు. ఆగనివీ ఉన్నాయి. హెన్రియెట్టా లాక్స్ 1951లో అమెరికాలో క్యాన్సర్‌తో చనిపోయింది. ఆమె గడ్డలోంచి తీసిన కణాలు ఇప్పటికీ ప్రయోగశాలల్లో పెరుగుతూనే ఉన్నాయి. పోలియో టీకా పరీక్షలకు అవి ఎంతో పనికొచ్చాయి. కానీ ఆమెను చంపింది ఆ ఆగని పెరుగుదలే.

కణానికి చెల్లినది మనిషికీ చెల్లాలని లేదు, ఒప్పుకుంటాను. అయినా చావని రైతు ఉన్న ఇంట్లో మడి కూతురి చేతికి ఎప్పుడు వస్తుంది? చావని సర్పంచి కుర్చీ ఎవరికి ఖాళీ అవుతుంది? వెయ్యేళ్లు చేతిలో ఉంటే ఈ ఏడు నాటు వేయాలన్న తొందర ఎవరికుంటుంది?

అలాగని ముసలితనాన్ని నేను వెనకేసుకు రావడం లేదు. ఫ్రాన్స్‌లో జాన్ కల్మాన్ 122 ఏళ్లు బతికి 1997లో పోయింది. అంత ఆయుష్షు మనకు అక్కర్లేదు. ఎనభైలో గట్టు మీద ఒంటరిగా నడవగలగాలి, మనవరాలి పేరు గుర్తుండాలి. పరిశోధనకు పెట్టే డబ్బు ముందు అరిగిన మోకీళ్లకు, మతిమరుపుకు, మసకబారే చూపుకు పోవాలి.