కుక్కలు, పిల్లుల ఆహారంలో ప్రీబయోటిక్స్: అపోహలు - వాస్తవాలు

అపోహ: రోజూ పెరుగన్నం పెడుతున్నాం కనుక ప్రీబయోటిక్ అందుతున్నట్టే.

వాస్తవం: పెరుగులో ఉండేవి సజీవ సూక్ష్మజీవులు; ప్రీబయోటిక్ అంటే పేగులో ముందునుంచీ కాపురమున్న మేలుచేసే సూక్ష్మజీవులకు వేసే మేత. ఫిల్టర్ కాఫీ పొడిలో కలిపే చికోరీ వేరు మనకు తెలిసినదే. ఆ వేరులో సమృద్ధిగా ఉండే ఇనులిన్ అనే పీచు అలాంటి మేతే. దాన్ని విడగొట్టే ఎంజైములు కుక్కకూ పిల్లికీ లేవు కాబట్టి అది అరగకుండా పెద్దపేగుకు చేరుతుంది; అక్కడి బాక్టీరియా దాన్ని పులియబెట్టినప్పుడు పుట్టే ఆమ్లాలలో బ్యూటిరేట్ ఒకటి, పెద్దపేగు లోపొర కణాలకు ముఖ్యమైన ఇంధనం అదే.

అపోహ: ఎంత ఎక్కువ వేస్తే అంత మేలు.

వాస్తవం: నా దగ్గరికి వచ్చిన ఒక లాబ్రడార్ కూన బొజ్జ డోలులా బిగిసి, మలం జావలా పడుతోంది. ప్యాకెట్ ఆహారంలో ఇనులిన్ ఉండగానే, ఇంట్లోవాళ్లు ప్రేమకొద్దీ పూటకో చెంచా ఇనులిన్ పొడి అదనంగా కలుపుతున్నారు. పొడి మాన్పించాక మలం మళ్లీ గట్టిపడింది. మోతాదు మించితే గ్యాసు, నీళ్ల విరేచనాలు తప్పవు.

అపోహ: ఉల్లి, వెల్లుల్లిలో సహజమైన ప్రీబయోటిక్ ఉంది, కాబట్టి ఉడికించి పెట్టవచ్చు.

వాస్తవం: నన్ను అన్నిటికన్నా భయపెట్టే అపోహ ఇది. వాటిలో ఆ పీచు ఉన్న మాట నిజమే, కానీ వాటిలోని గంధక సమ్మేళనాలు కుక్కలలోనూ, మరింత తీవ్రంగా పిల్లులలోనూ ఎర్ర రక్తకణాలను చిట్లగొడతాయి. ఉడికించినా, ఎండబెట్టి పొడిచేసినా ఆ విషం పోదు. చిగుళ్లు పాలిపోవడం, మూత్రం ముదురు రంగులో రావడం కొన్ని రోజుల తరువాత బయటపడవచ్చు కనుక, బిర్యానీలో మిగిలిన మసాలా ముక్కలను కూడా గిన్నెలో వేయవద్దు.

అపోహ: ప్యాకెట్ ఆహారంలో చక్కెర దుంప పిప్పిని కడుపు నింపడానికే కలుపుతారు.

వాస్తవం: అది ఓ మోస్తరుగా పులిసే పీచు, మలం చక్కగా కట్టడానికి తోడ్పడుతుంది.

అపోహ: విరేచనాలు ఏవైనా ప్రీబయోటిక్‌తో తగ్గిపోతాయి.

వాస్తవం: కూనల పేగులను దెబ్బతీసే పార్వో వైరస్‌కూ, పేగుల్లో రక్తం పీల్చే కొంకి పురుగులకూ పీచు మందు కాదు. టీకాలు పూర్తికాని కూన వాంతులు చేసుకుంటూ, తిండి ముట్టక, రక్తంతో కూడిన విరేచనాలు చేసుకుంటుంటే, పొడులు మార్చి చూస్తూ కూర్చోకుండా ఆ పూటే పశువైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లండి.