రాక్ బ్యాండు కట్టాలనుకునేవారికి: విశాఖ నుంచి కొన్ని అపోహలు, వాస్తవాలు

విశాఖపట్నంలో పదకొండేళ్లుగా ఒక స్వతంత్ర రాక్ బ్యాండులో బేస్ గిటార్ వాయిస్తున్నాను. ఎంవీపీ కాలనీలోని మా ప్రాక్టీసు గదికి వచ్చే విద్యార్థుల మాటల్లో కొన్ని నమ్మకాలు పదేపదే వినిపిస్తుంటాయి. మొదట్లో మేమూ వాటిని నమ్మి చాలా కాలం పోగొట్టుకున్నాం.

అపోహ: తెలుగు మాట రాక్‌లో ఒదగదు.

వాస్తవం: మాటను బీట్ మీద ఎక్కడ పెడుతున్నామో చూసుకుంటే తెలుగు చక్కగా ఒదుగుతుంది. మా మొదటి సొంత పాట పల్లవి ‘సముద్రం’ అనే మాటతో మొదలయ్యేది. ‘స’ను మొదటి బీట్ మీద పెట్టి నెలరోజులు పాడినా ఆ మాట సాగదీసినట్టే ఉండేది. అందులో ‘స’ లఘువు. సంయుక్తాక్షరం ముందున్న ‘ము’ గురువు, సున్నా ఉన్న ‘ద్రం’ కూడా గురువే. ‘స’ను బీట్‌కు కాస్త ముందే అందుకుని ‘ము’ను సరిగ్గా కిక్ డ్రమ్ము (కాలితో మోగించే పెద్ద డ్రమ్ము) దెబ్బ మీద దించిన సాయంత్రం, ఒక్క అక్షరం మార్చకుండానే పల్లవి నిలబడింది. ఛందస్సు తరగతిలో బట్టీపట్టిన గురులఘువులు పాట కట్టడంలో ఇంతగా అక్కరకొస్తాయని అప్పుడే తెలిసింది. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కనుక పాదం చివర గొంతు సాగుతుంది; అక్కడ గిటార్లు కొంచెం తగ్గి దానికి చోటివ్వాలి. మన ఉత్తరాంధ్ర తప్పెటగుళ్ల కళాకారులు గుండెకు కట్టుకున్న రేకు తప్పెట్లు వాయిస్తూ, గెంతుతూ పాడతారు, అయినా మాట చెదరదు. కేరళకు చెందిన అవియల్ బృందం మలయాళంలోనే రాక్ పాడి పేరు తెచ్చుకుంది.

అపోహ: ఖరీదైన గిటార్లు, యాంప్లిఫయర్లు కొన్నాకే బ్యాండు మొదలుపెట్టాలి.

వాస్తవం: ముందు కావలసింది నలుగురూ ఒకే లయలో నిలబడటం. ఫోన్‌లో మెట్రోనోమ్ (లయ తప్పకుండా టిక్ టిక్ మంటూ కొట్టే యాప్) పెట్టుకుని, ఆ రోజు వాయించినది అదే ఫోన్‌లో రికార్డు చేసి అందరూ కలిసి వింటే తప్పులు వాటంతట అవే బయటపడతాయి. సముద్రపు గాలికి గిటార్ తీగలు ఇక్కడ తొందరగా తుప్పు పడతాయి, కాబట్టి వాయించిన ప్రతిసారీ పొడి నూలుగుడ్డతో తుడవండి.

అపోహ: స్నేహితుల మధ్య కాగితాలు ఎందుకు?

వాస్తవం: ఈ నమ్మకం వల్ల మేము ఒక స్నేహితుణ్ణి కోల్పోయాం. మా మొదటి గిటారిస్టు ఉద్యోగరీత్యా వెళ్లిపోయినప్పుడు, ఒక పాట బాణీలో ఎవరి వంతు ఎంతో తేలక, రికార్డయిన పాట ఎనిమిది నెలలు విడుదల కాకుండా ఉండిపోయింది. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం పాట సాహిత్యం, బాణీ, రికార్డింగు మూడూ వేరువేరు కృతులు. హక్కు పుట్టడానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కానీ ఎవరు ఏమి చేశారో చూపే ఆధారం మాత్రం ఉండాలి. ఆ చట్టానికి 2012లో వచ్చిన సవరణ గీతరచయితలకూ స్వరకర్తలకూ రాయల్టీలో వాటాను కాపాడింది, అయితే రచయిత ఎవరో తేలని చోట ఆ రక్షణ కూడా చిక్కుల్లో పడుతుంది. ఇప్పుడు పాట పూర్తయిన రోజే తేదీ, సాహిత్యం ఎవరిది, బాణీ ఎవరిది, వాటాలెంత, ఎవరైనా వెళ్లిపోతే ఏమవుతుంది అన్నవి ఒక పేజీలో రాసి నలుగురం సంతకాలు చేస్తున్నాం. ఆ పేజీ వచ్చాక మా గదిలో గొడవలు తగ్గాయి.

అపోహ: విశాఖలో ఉంటే ఎదగలేం, ముందు పెద్ద నగరానికి వెళ్లిపోవాలి.

వాస్తవం: ఇంగ్లండ్ రాక్ బృందం బీటిల్స్ పేరు తెచ్చుకోకముందు, 1960 నుంచి 1962 మధ్య, జర్మనీలోని హాంబర్గ్ క్లబ్బుల్లో రాత్రికి గంటల తరబడి వాయించారు. వాళ్ల లివర్‌పూల్, ఆ హాంబర్గ్ రెండూ మన విశాఖలాగే రేవు పట్టణాలు. కాలేజీ ఉత్సవాలు, చిన్న కెఫేలు, అపార్ట్‌మెంట్ వేడుకలు దేన్నీ తక్కువగా చూడకండి; పదిహేను మంది ఎదుట వాయించిన రోజునే పాటలో ఏ భాగం దగ్గర జనం చూపు ఫోన్‌లోకి జారుతుందో తెలుస్తుంది. ఆరుబయట ప్రదర్శనకు అనుమతి ముందుగానే తీసుకోండి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 తర్వాత లౌడ్‌స్పీకర్లు వాడకూడదు కనుక మేము చివరి పాటను 9:40కే ఎత్తుకుంటాం.