ఎలుకల మందూ గుండె బిళ్లా ఆపేది ఒకే ఎంజైమ్‌ను

మిర్యాలగూడ, హాలియా వైపు వరి పొలాల్లో ఎలుకల బెడద పెరిగితే 96 పాళ్ల నూకలు, 2 పాళ్ల నూనె, 2 పాళ్ల బ్రోమోడయోలోన్ అనే ఎలుకల మందు పొడి కలిపి పొట్లాలు కట్టి బొరియల్లో పెడతారు. అదే ఊళ్లో గుండెకు లోహపు కవాటం వేయించుకున్నవాళ్లు నెత్తురు గడ్డకట్టకుండా రోజూ ఎసిట్రోమ్ బిళ్ల వేసుకుంటారు. మోతాదు, బలం వేరైనా రెండూ దెబ్బకొట్టే చోటు ఒక్కటే.

ఈ కథ పశువుల కొట్టంలో మొదలైంది. 1920లలో కెనడాలో, అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో బూజు పట్టిన క్లోవర్ గడ్డి తిన్న పశువులు నెత్తురు ఆగక చనిపోయేవి. 1933లో విస్కాన్సిన్ రైతు ఒకాయన చచ్చిన ఆవుతో పాటు గడ్డకట్టని నెత్తురును పాల క్యాన్‌లో పోసుకుని జీవరసాయన శాస్త్రవేత్త కార్ల్ పాల్ లింక్ ల్యాబ్‌కు తెచ్చాడు. లింక్ బృందం ఏళ్ల తరబడి వెతికి 1939లో ఆ గడ్డిలో నెత్తురు గడ్డకట్టనివ్వని డైకుమరాల్ అనే పదార్థాన్ని వేరుచేసింది. దాని చుట్టం వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా, 1954లో మనుషుల మందుగా వచ్చింది.

అది ఎలా పనిచేస్తుందో తేలడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. గడ్డకట్టడానికి అవసరమైన కొన్ని ప్రోటీన్లను కాలేయం విటమిన్ కె సాయంతోనే పూర్తిచేస్తుంది. ఆ పనిలో విటమిన్ రూపం మారిపోతుంది. ఒంట్లో దాని నిల్వ తక్కువ కాబట్టి దాన్నే మళ్లీ పాత రూపానికి తెచ్చి వాడుకోవాలి. ఆ పని చేసేది విటమిన్ కె ఎపాక్సైడ్ రిడక్టేజ్ అనే ఎంజైమ్. వార్ఫరిన్, బ్రోమోడయోలోన్, ఎసిట్రోమ్ మూడూ ఆపేది దీన్నే. దాని జన్యువును 2004లో రెండు బృందాలు విడివిడిగా గుర్తించాయి.

ఎంజైమ్ ఆగినా రక్తంలో అప్పటికే ఉన్న ప్రోటీన్లు ఖర్చయ్యేదాకా ఏమీ తెలియదు. అందుకే ఎలుక కొన్ని రోజులకు గానీ చావదు. వార్ఫరిన్‌కు లొంగని ఎలుకలు 1958లో స్కాట్లాండ్‌లో కనబడ్డాక, బ్రోమోడయోలోన్ వంటి బలమైన మందులు వచ్చాయి. ఇవి కాలేయంలో వారాలు, నెలలు ఉండిపోతాయి. పిల్లలు పొరపాటున తింటే మొదటి రోజు మామూలుగానే ఆడుకుంటారు. అది చూసి ఊరుకోవద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. విరుగుడు విటమిన్ కె ఉంది, కానీ చాలా రోజులు ఇవ్వాల్సి రావచ్చు.

బిళ్ల వేసుకునేవాళ్లకు టెన్షన్ అంతా విటమిన్ కె ఎక్కువగా ఉండే ఆకుకూరల దగ్గరే. జొన్నరొట్టెలోకి తోటకూరో పాలకూరో తినే పాలమూరు ఇంట్లో "ఆకుకూర ముట్టొద్దు" అనడం నాకు సరైన సలహాగా తోచదు. ఉన్నట్టుండి మానేస్తే మందు ప్రభావం పెరిగి రక్తస్రావం కావచ్చు. వానాకాలంలో ఒక్కసారిగా ఎక్కువ తింటే ప్రభావం తగ్గి కవాటం మీద గడ్డ కట్టవచ్చు. తినేది ఇంచుమించు ఒకే మోతాదులో తింటూ, డాక్టర్ చెప్పిన గడువుకు ఐఎన్‌ఆర్ (నెత్తురు గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసే) పరీక్ష చేయించుకోవాలి. జ్వరానికో, నొప్పులకో ఊరి డాక్టర్ దగ్గరికి వెళ్లినా ఆ బిళ్లల షీటు ముందే చూపించాలి. విరేచనాలకు ఇచ్చే మెట్రోనిడజోల్, నొప్పికి వాడే డైక్లోఫెనాక్ కూడా ఈ మందుతో కలిస్తే నెత్తురు పోయే ప్రమాదం పెరుగుతుంది.