ఇడ్లీ బియ్యానిదే, మరి సాంబారులో ఇంగువ?

రాజమండ్రిలో డైటీషియన్‌గా సీలియాక్ (గోధుమ, బార్లీల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ పడక పేగు దెబ్బతినే జబ్బు) ఉన్నవాళ్లను చూస్తుంటాను. ఇంట్లో గోధుమ, మైదా, బొంబాయి రవ్వ అన్నీ మానేసినా రక్తపరీక్షలో యాంటీబాడీలు తగ్గడం లేదంటే, ముందు బయట ఏం తింటున్నారని అడుగుతాను. "ఇడ్లీయే కదండీ" అంటారు.

అపోహ: మనది వరి దేశం, హోటల్ టిఫిన్‌తో భయం లేదు.

ఇడ్లీ వరకు నిజమే, మన ఇడ్లీ రవ్వ బియ్యానిదే. భయమంతా పక్కనున్న సాంబారు, పోపు పెట్టిన చట్నీలతోనే. అసలు ఇంగువ ఒక మొక్క వేరు నుంచి కారే జిగురు. దాని ఘాటు తగ్గించి పొడిగా అమ్మడానికి పిండి కలుపుతారు. చాలా డబ్బాల్లో ఆ పిండి గోధుమపిండో మైదానో అయి ఉంటుంది. బియ్యప్పిండి కలిపినవీ దొరుకుతాయి, వాటినే వెతకండి. "చిటికెడే కదా" అనుకోవద్దు. గ్లూటెన్ లేనిదని అమ్మే సరుకులో మన నిబంధనల ప్రకారం కిలోకి 20 మిల్లీగ్రాములు దాటకూడదు. రోజూ కొద్దికొద్దిగా పడినా పేగు మానదు. మరిగిస్తే పోతుందన్నది కూడా తప్పే, గ్లూటెన్ వేడికి పోదు.

అపోహ: సర్వర్‌ని అడిగితే సరిపోతుంది.

"గోధుమ ఏమీ వెయ్యమండి" అని అతను నిజాయితీగానే చెబుతాడు. ఇంగువలో మైదా ఉందని అతనికి తెలియదు. అందుకే, "ఇంగువ డబ్బా, సాంబారు పొడి ప్యాకెట్ ఒకసారి చూపిస్తారా అండి?" అని అడగండి. గోధుమ, బార్లీ ఉంటే లేబుల్ మీద రాసి తీరాలి. కాకినాడలో ఒక తల్లితో కలిసి నేనే వంటింటి దాకా వెళ్లి అడిగాను. వంటాయన విసుక్కోకుండా డబ్బా తెచ్చాడు. దాని మీద గోధుమ అని ఉంది. ఆయనే ఆశ్చర్యపోయి, పోపు వెయ్యకముందే పాపకు కొబ్బరి చట్నీ వేరే గిన్నెలోకి తీసిపెట్టాడు. ఆయనకు ఎంత రుణపడి ఉన్నానో చెప్పలేను.

అపోహ: సోయా సాస్‌లో ఉండేది సోయాయే.

మామూలు సోయా సాస్‌ను సోయాతో పాటు గోధుమ కూడా కలిపి పులియబెడతారు. మాల్ట్ వెనిగర్ బార్లీ నుంచి వస్తుంది, తెల్ల వెనిగర్‌తో ఇబ్బంది లేదు. టమాటా సాస్ చాలావరకు పర్వాలేదు. అయితే బల్ల మీది సీసాను పెద్ద డబ్బా నుంచి నింపుతుంటారు, ఆ డబ్బా లేబులే చూడండి.

ఆవకాయలో ఆవపిండి, కారం, ఉప్పు, నూనె, గోధుమకు చోటే లేదు. ఇంగువ పోపు పెట్టిన మాగాయ గురించి మాత్రం అడగాలి. మైసూరు బజ్జీ, పూరీ వేగిన నూనెలోనే వేయించిన అప్పడం వద్దు.

కాకినాడ పాప ఇప్పుడు ఇంగువ వెయ్యని ఇంటి కారప్పొడిని చిన్న డబ్బాలో తీసుకెళ్లి, హోటల్‌లో వేడి ఇడ్లీ మీద నెయ్యితో తింటోంది.