నెత్తుటిలో ఒక చెంచాడు చక్కెర

పెద్దవాళ్ల ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. పరగడుపున పరీక్ష చేస్తే, ఆరోగ్యవంతుల్లో ప్రతి 100 మిల్లీలీటర్లకు 70 నుంచి 100 మిల్లీగ్రాముల గ్లూకోజు కనిపిస్తుంది. ఈ లెక్కను మొత్తం రక్తానికి వేస్తే నాలుగైదు గ్రాములు తేలుతుంది. అంటే ఒక చిన్న చెంచాడు. మొదటిసారి ఈ లెక్క వేసినప్పుడు ఎక్కడో సున్నా జారిపోయిందనుకుని మళ్లీ వేశాను. మెదడు ఒక్కటే రోజుకు 120 గ్రాముల గ్లూకోజు ఖర్చు చేస్తుంది మరి! గంటకు 5 గ్రాములు. రక్తంలో ఉన్నది దానికి గంటసేపు సరిపోతే గొప్ప. అయినా రాత్రి ఎనిమిది గంటలు ఏమీ తినకుండా నిద్రపోయిన మనిషి తెల్లవారి మామూలుగానే లేస్తాడు. అప్పుడు కూడా రక్తంలో అదే చెంచాడు.

దాన్ని రాత్రంతా నింపుతున్నది కాలేయం. ఈ సంగతి బయటపడింది కొంత తీరిక లేకపోవడం వల్ల. చక్కెర తయారీ మొక్కల పని, జంతువులు దాన్ని తిని కరిగించుకోవడమే తప్ప తయారు చేయలేవని 19వ శతాబ్దం మధ్య వరకు నమ్మేవారు. ఫ్రాన్స్‌కు చెందిన శాస్త్రవేత్త క్లాడ్ బెర్నార్డ్‌కు ఆ నమ్మకం మీద అనుమానం ఉండేది. చక్కెర ఎరగని ఆహారం పెట్టిన జంతువుల కాలేయంలోనూ ఆయనకు చక్కెర దొరికింది. ఒకే కాలేయంలో చక్కెరను రెండుసార్లు కొలిచి సరిచూసుకోవడం ఆయన అలవాటు. ఒకరోజు పని ఒత్తిడిలో ఒకసారి కొలిచి, రెండోది మర్నాటికి వాయిదా వేశాడు. మర్నాడు చూస్తే చక్కెర బాగా పెరిగి ఉంది. ఇంకొకరైతే కొలత తప్పిందని ఆ కాలేయాన్ని పారేసేవారేమో. బెర్నార్డ్ మాత్రం 1855లో ఒక కాలేయం తీసుకుని, దాని రక్తనాళాల గుండా చల్లటి నీటిధారను పంపి, చక్కెర ఆనవాలు లేకుండా కడిగేశాడు. అలాగే ఉంచి మర్నాడు చూశాడు. మళ్లీ చక్కెర! జంతువు చచ్చిపోయింది, రక్తం కడుక్కుపోయింది, కాలేయం మాత్రం తన పని మానలేదు. లోపల దాచిన ముడిసరుకును 1857లో వేరుచేసి గ్లైకోజెన్ అని పేరు పెట్టాడు.

గ్లైకోజెన్ అంటే వేలాది గ్లూకోజు అణువులు కొమ్మలు కొమ్మలుగా అల్లుకున్న గుత్తి. కాలేయంలో దాని నిల్వ సుమారు 100 గ్రాములు. కండరాల్లో అంతకు కొన్ని రెట్లుంటుంది కానీ, కండరాలు పిసినారివి. నిల్వ ఉన్న గ్లూకోజును రక్తంలోకి వదలడానికి కావలసిన ఎంజైము వాటికి లేదు. దాచుకున్నది తామే వాడుకుంటాయి. కాలేయం అలా కాదు. రక్తంలో గ్లూకోజు తగ్గితే క్లోమం గ్లూకగాన్ అనే హార్మోన్‌ను వదులుతుంది, కాలేయం గుత్తి కొమ్మలు విరిచి గ్లూకోజును పంపుతుంది. తిన్న తర్వాత గ్లూకోజు పెరిగితే ఇన్సులిన్ వచ్చి మిగులును లోపల పెట్టిస్తుంది.

ఇలా తూకం తప్పకుండా చూసుకోవడాన్ని 1926లో అమెరికా శాస్త్రవేత్త వాల్టర్ కానన్ హోమియోస్టాసిస్ అన్నాడు. గ్రీకులో ‘హోమో’ అంటే అదే, ‘హోమియో’ అంటే దానిలాంటిది. ఆయన కావాలనే రెండోది ఎంచుకున్నాడు. 70 నుంచి 100 మధ్య ఎక్కడున్నా పర్వాలేదు, ఒకే అంకె దగ్గర బిగుసుకుపోనక్కరలేదు. మనం దీన్ని సమస్థితి అంటున్నాం. నాకు ఆ మాటతో చిన్న పేచీ ఉంది. స్థితి అనగానే కదలకుండా కూర్చున్నదేదో మనసులో మెదులుతుంది. నిండుకుండ తొణకదంటారు కానీ, ఒళ్లు నిండుకుండ కాదు, అడుగున చిల్లి ఉన్న కుండ. కారినంతా పైనుంచి పడుతూ ఉండబట్టి మట్టం నిలబడుతోంది.

ఆ చిల్లి గుండా పోతున్నదంతా ఎక్కడికి చేరుతోంది? గ్లూకోజులో ఆరు కార్బన్ పరమాణువులుంటాయి. కణం దాన్ని పది మెట్లలో రెండు ముక్కలు చేస్తుంది. అందులో మిగిలేది రెండే ఏటీపీ అణువులు. ఏటీపీ కణానికి చేతిఖర్చు డబ్బులాంటిది. ఆ ముక్కలు కణం లోపల శక్తి తయారుచేసే గదుల్లాంటి మైటోకాండ్రియాలోకి వెళ్లాక అసలు రాబడి మొదలవుతుంది. అక్కడ కార్బన్ పరమాణువులు ఒక్కొక్కటిగా కార్బన్ డయాక్సైడ్‌గా ఊడిపోతాయి, హైడ్రోజన్ చివరికి ఆక్సిజన్‌తో కలిసి నీరవుతుంది. ఒక గ్లూకోజుకు మొత్తం 30 దాకా ఏటీపీలు దక్కుతాయి. మధ్యలో కార్బన్‌ను ఊడదీసే మెట్ల వరుస తిరిగి మొదటికే వస్తుంది. ఆ చక్రాన్ని 1937లో హాన్స్ క్రెబ్స్ అనే శాస్త్రవేత్త కనుగొన్నాడు. ఆ చిన్న వ్యాసాన్ని ‘నేచర్’ పత్రిక చోటు లేదని తిప్పి పంపింది. 1953లో అదే పనికి నోబెల్ వచ్చింది.

గ్లూకోజును నిప్పులో వేసినా చివరికి మిగిలేవి ఈ కార్బన్ డయాక్సైడ్, నీరే. కణం మాత్రం ఆ మంటను చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, మెట్టు మెట్టు దగ్గరా కొంత శక్తిని పట్టుకుంటుంది. కొవ్వు కూడా ఇలాగే తగలబడుతుంది. ఒంట్లో 10 కిలోల కొవ్వు కరిగితే అందులో 8.4 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా ముక్కులోంచే బయటికి పోతాయి. చెమటగా పోతుందనుకునేవారికి ఇది మింగుడుపడదు.

ఒకసారి ఊపిరి బిగబట్టి చూడండి. కాసేపటికి గుండెల్లో ఏదో తోసుకొస్తున్నట్టు ఉంటుంది. అది ముఖ్యంగా ఆక్సిజన్ తగ్గినందుకు కాదు, కార్బన్ డయాక్సైడ్ పేరుకున్నందుకు. అది రక్తంలో కలిస్తే ఆమ్లం పెరుగుతుంది. ఆమ్లం పెరిగేకొద్దీ పీహెచ్ అనే కొలత తగ్గుతుంది. రక్తంలో అది 7.35, 7.45 మధ్య ఉండాలి. అది జారుతున్నట్టు తెలియగానే మెదడు అడుగుభాగం ఊపిరిని ఉరకలు పెట్టిస్తుంది. కణాలు పారేసిన చెత్తే కబురు మోస్తుందన్నమాట.

రాత్రి గడిచేకొద్దీ కాలేయంలో గ్లైకోజెన్ తరుగుతుంది. అప్పుడు కాలేయం లాక్టేట్, గ్లిసరాల్, అమైనో ఆమ్లాల నుంచి కొత్త గ్లూకోజు తయారు చేస్తుంది. ఉపవాసం రోజుల తరబడి సాగితే మెదడు కూడా కొవ్వు నుంచి వచ్చే కీటోన్లకు అలవాటు పడుతుంది. ఒప్పుకోనివి ఎర్ర రక్తకణాలు. ఒళ్లంతటికీ ఆక్సిజన్ మోసే ఈ కణాల్లో మైటోకాండ్రియా లేవు, కాబట్టి మోసే ఆక్సిజన్‌లో రవ్వంత కూడా అవి వాడుకోలేవు. గ్లూకోజును రెండు ముక్కలు చేసి, రెండు ఏటీపీలు తీసుకుని, ముక్కలను లాక్టేట్‌గా రక్తంలో వదిలేస్తాయి. కాలేయం వాటిని ఏరి, ఆరు ఏటీపీలు ఖర్చుపెట్టి మళ్లీ గ్లూకోజుగా అతికి పంపుతుంది. రెండు సంపాదించేవారి కోసం ఆరు ఖర్చు. ఆ ఆరూ ఎక్కువగా కొవ్వును తగలబెట్టి తెచ్చినవే.